క్లోమంలో గడ్డకి ముక్క పరీక్ష: ఎఫ్‌ఎన్‌ఏనా, ఎఫ్‌ఎన్‌బీనా, ఎవరికి ఏ సూది?

స్కాన్ రిపోర్టులో "క్లోమం తలభాగంలో 3 సెంటీమీటర్ల గడ్డ" అని ఉంటుంది. డాక్టరుగారు ఈయూఎస్ (నోటి గుండా దించే గొట్టం కొనలో ఉండే అల్ట్రాసౌండ్) చేసి ముక్క తీద్దాం అంటారు. ఇంటికొచ్చి వెతికితే ఎఫ్‌ఎన్‌ఏ, ఎఫ్‌ఎన్‌బీ, 22 గేజ్, 25 గేజ్, రోజ్, ఫ్రాన్సీన్ అంటూ పేర్లు గుట్టగా వచ్చిపడతాయి, అందులో మనకి సంబంధించింది ఏదో, పక్కన పెట్టేయాల్సింది ఏదో అర్థం కాదు.

మా పెద్దమ్మకి ఇదే జరిగింది. మొదటిసారి సన్న సూదితో కణాలు పీల్చారు, రిపోర్టు "కణాలు సరిపోలేదు" అని వచ్చింది. రెండోసారి వేరే రకం సూదితో ముక్క తీశాక గానీ విషయం తేలలేదు. మధ్యలో మూడు వారాలు పోయాయి. నేను డాక్టర్ని కాను, కానీ ఆ మూడు వారాల్లో చదివిందీ, ఆ తర్వాత డాక్టర్లని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే పరీక్షకి ముందే నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే మాకు ఆ టెన్షన్ సగమైనా తగ్గేది.

సూది గురించి తర్వాత, ముందు ప్రశ్న తేల్చుకోండి

అందరూ "ఏ సూది మంచిది" అని అడుగుతారు. నేనూ అదే అడిగాను. కానీ ముందు అడగాల్సింది వేరు: ఈ ముక్క మనకి ఏ జవాబు చెప్పాలి? క్యాన్సర్ అవునా కాదా అన్నది ఒక్కటే చాలా? ఏ రకం క్యాన్సరో, ఎంత వేగంగా పెరిగేదో కూడా కావాలా? జన్యు పరీక్షకి పంపేంత కణజాలం కావాలా? లేకపోతే ఇది క్యాన్సర్ కాదు, క్లోమం వాపే అని రుజువు చేయాలా? ఈ నాలుగింటికీ కావలసిన ముక్క ఒకటి కాదు. మొదటిదానికి కొన్ని కణాలు చాలు. మిగతావాటికి కణాలు ఒకదానితో ఒకటి ఎలా అమరి ఉన్నాయో కనిపించే అసలు ముక్క కావాలి.

ఆ తర్వాత చూడాల్సినవి: గడ్డ క్లోమంలో ఎక్కడ ఉంది, గట్టి గడ్డా లేక నీటితిత్తా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ముక్క తీసే గదిలోనే కణాలు చూసి చెప్పే మనిషి ఉన్నారా. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, రిపోర్టు ఏదొచ్చినా చికిత్స మారుతుందా లేదా అన్నది.

అసలు ముక్క తీయాల్సిన అవసరం ఉందా?

చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది, కానీ అందరికీ ముక్క అవసరం లేదు. గడ్డ స్కాన్‌లో స్పష్టంగా క్యాన్సర్ లాగే కనిపిస్తూ, చుట్టూ రక్తనాళాలకి అంటుకోకుండా, మనిషి ఆపరేషన్‌కి తట్టుకునే స్థితిలో ఉంటే నేరుగా ఆపరేషన్‌కి వెళ్లొచ్చు. ముక్కలో క్యాన్సర్ కనిపించకపోయినా సర్జన్ ఎలాగూ తీసేస్తానంటారు, అప్పుడు ఆ పరీక్ష వల్ల వచ్చే లాభం తక్కువ, పోయే రోజులు ఎక్కువ.

అదే ఆపరేషన్ కంటే ముందు కీమో ఇవ్వాలన్నా, గడ్డ పాకిపోయి కీమోనే దారి అన్నా ముక్క తప్పనిసరి. క్యాన్సర్ అని తేలకుండా కీమో ఎక్కించరు. స్కాన్‌లో అనుమానం ఉంటే, అంటే ఆటోఇమ్యూన్ వాపో (ఒంటి రక్షణ వ్యవస్థే క్లోమం మీద దాడి చేస్తే వచ్చేది), క్షయో, లింఫోమానో (లింఫ్ కణాల క్యాన్సర్), వేరే చోట నుంచి వచ్చిన క్యాన్సరో అయ్యే అవకాశం ఉంటే, అప్పుడూ తప్పనిసరే. స్టెరాయిడ్‌తో తగ్గిపోయే జబ్బుకి అంత పెద్ద ఆపరేషన్ చేయించుకోవడం కంటే బాధాకరం ఇంకేముంటుంది?

ఇంకో విషయం. కాలేయంలో కూడా మచ్చలు కనిపిస్తే, క్లోమం జోలికి పోకుండా కాలేయం నుంచే ముక్క తీయడం చాలాసార్లు మేలు. జబ్బేమిటో, ఎంతదూరం పాకిందో ఒకే ముక్కతో తెలిసిపోతుంది.

క్లోమం క్యాన్సర్‌లో పెరిగే సీఏ 19-9 అనే పదార్థాన్ని కొలిచే రక్తపరీక్ష ఉంది కదా, ముక్క ఎందుకు అని కొందరు అడుగుతారు. కామెర్లు ఉంటే క్యాన్సర్ లేకపోయినా ఆ అంకె పెరుగుతుంది. వందలో ఐదు నుంచి పది మందికి పుట్టుకతోనే ఆ పదార్థం శరీరంలో తయారు కాదు, వాళ్లకి క్యాన్సర్ ఉన్నా అంకె పెరగదు. దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

ఎఫ్‌ఎన్‌ఏ, ఎఫ్‌ఎన్‌బీ: అసలు పోటీ ఇక్కడే

రెండూ ఈయూఎస్ ద్వారానే చేస్తారు. నోటి గుండా దించే ఎండోస్కోపీ గొట్టం కొనలో చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది. క్లోమం కడుపు వెనకాలే, ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం) ఒంపులో ఆనుకుని ఉంటుంది కాబట్టి లోపలి నుంచి చూస్తే చాలా దగ్గరగా కనిపిస్తుంది, ఆ బొమ్మ చూస్తూనే సూదిని గడ్డలోకి గుచ్చుతారు. ఇలా క్లోమం నుంచి సూదితో కణాలు తీయడం గురించి మొదట 1992లో డెన్మార్క్ వైద్యులు ప్రచురించారు.

ఎఫ్‌ఎన్‌ఏ అంటే సన్న సూదితో కణాలు పీల్చడం. గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూస్తారు. విడివిడి కణాలు కనిపిస్తాయి గానీ అవి కణజాలంలో ఎలా అమరి ఉన్నాయో తెలియదు. ఎఫ్‌ఎన్‌బీలో సూది కొనకే కోసే అంచులు ఉంటాయి, గుచ్చి తీస్తే సన్నటి దారంలాంటి ముక్క వస్తుంది, దాన్ని మైనంలో పెట్టి పలచగా కోసి చూస్తారు, ఒకే ముక్క నుంచి ఎన్నో రంగు పరీక్షలు చేసుకోవచ్చు.

| చూడాల్సింది | ఎఫ్‌ఎన్‌ఏ | ఎఫ్‌ఎన్‌బీ |
|---|---|---|
| దొరికేది | విడి కణాలు | అమరిక చెడని సన్న ముక్క |
| ఎన్నిసార్లు గుచ్చాలి | గదిలో కణాలు చూసేవాళ్లు లేకపోతే 3 నుంచి 4 సార్లు | సాధారణంగా 2 నుంచి 3 సార్లు |
| పక్కన కణాలు చూసే మనిషి | ఉంటే చాలా లాభం | లేకపోయినా పెద్ద తేడా లేదు |
| ఆటోఇమ్యూన్ వాపు, లింఫోమా | తేల్చడం కష్టం | ఇదే మేలు |
| జన్యు పరీక్షకి సరిపోతుందా | కొన్నిసార్లే | ఎక్కువసార్లు |
| ప్రమాదం | తక్కువ | దాదాపు అంతే |

క్యాన్సర్ అవునా కాదా అన్న ఒక్క ప్రశ్నకి ఎఫ్‌ఎన్‌ఏ చెడ్డదేం కాదు. అనుభవం ఉన్న చేతుల్లో, పక్కన సైటాలజిస్ట్ (కణాలు చూసి చెప్పే డాక్టరు) ఉంటే, క్యాన్సర్ ఉన్నవాళ్లలో వందకి 85 నుంచి 90 మందిలో పట్టేస్తుంది, అవునని చెప్పిందంటే దాదాపు ఎప్పుడూ తప్పదు. చిక్కంతా "కాదు" అన్నప్పుడూ, "సరిపోలేదు" అన్నప్పుడూ వస్తుంది. మా పెద్దమ్మకి చేసినప్పుడు గదిలో సైటాలజిస్ట్ లేరు, రెండుసార్లు గుచ్చి ఆపేశారు. అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలిసి బాధేస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: గట్టి గడ్డ అయి, రెండూ దొరికే చోట ఉంటే ఎఫ్‌ఎన్‌బీ అడగండి. తక్కువసార్లు గుచ్చితే సరిపోతుంది, ఎక్కువ జవాబులు వస్తాయి, తర్వాత ఇంకో పరీక్ష కావాలన్నప్పుడు మళ్లీ గొట్టం దించాల్సిన పని తగ్గుతుంది. ఎఫ్‌ఎన్‌ఏ మాత్రమే ఉన్న చోట అయితే కణాలు చూసే మనిషి గదిలో ఉంటారా అని ముందే అడగండి. లేరంటే కనీసం ఎన్నిసార్లు గుచ్చుతారో అడగండి.

సూది లావు: పెద్ద అంకె అంటే సన్న సూది

గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, చాలామంది తిరగేసి అనుకుంటారు. 19 గేజ్ దాదాపు 1.1 మిల్లీమీటర్లు, 22 గేజ్ 0.7, 25 గేజ్ 0.5.

లావు సూది అయితే ఎక్కువ ముక్క వస్తుంది కదా అనిపిస్తుంది, నిజమే, కానీ గొట్టం ఆంత్రమూలంలో బాగా వంగి ఉన్నప్పుడు 19 గేజ్ సూది మొరాయిస్తుంది, బయటికే రాదు. క్లోమం తలభాగంలో, ఇంకా ముఖ్యంగా తల కింద కొక్కెంలా ఉండే భాగంలో గడ్డ ఉంటే సన్నగా, తేలిగ్గా వంగే 25 గేజ్ పనికొస్తుంది. క్లోమం నడుమ భాగంలో, తోకలో ఉన్న గడ్డకి కడుపులోంచే గుచ్చుతారు, గొట్టం తిన్నగా ఉంటుంది, అక్కడ లావు సూదికి అంత ఇబ్బంది ఉండదు. చాలామంది డాక్టర్లు మధ్యేమార్గంగా 22 గేజ్ ఎఫ్‌ఎన్‌బీ సూది వాడతారు, నాకూ అదే సబబనిపిస్తుంది. ఇది మీరు పట్టుబట్టాల్సిన విషయం కాదు, గొట్టం పట్టుకున్న డాక్టరుకే ఆ ఒంపు తెలుస్తుంది.

సూది కొన: ఇక్కడ మాత్రం తేడా ఉంది

ఎఫ్‌ఎన్‌బీ సూదులన్నీ ఒకటి కావు. కిరీటంలా మూడు మొనలు ఉండేది ఫ్రాన్సీన్. ఫోర్కులా చీలిన కొనది ఫోర్క్ టిప్. పక్కన గాడి ఉండి, సూది వెనక్కి వచ్చేటప్పుడు కోసేది రివర్స్ బెవెల్. మెంఘినీ అని ఇంకో రకం. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం 2021లో వచ్చింది, అందులో ఫ్రాన్సీన్, ఫోర్క్ టిప్ సూదులు మిగతా రెండిటి కంటే ఎక్కువ కణజాలం తెచ్చాయి. ఆ రెండిట్లో ఏది అంటే, డాక్టరు చేతికి ఏది అలవాటో అది. ఈ రెండిటి మధ్య తేడా కోసం ఆసుపత్రి మారాల్సినంత విషయం లేదు.

పీల్చడం, పీల్చకపోవడం, లాగడం

ఇది పూర్తిగా డాక్టరు చూసుకునే పని, కానీ పేర్లు వినిపిస్తే కంగారు పడకుండా చెబుతున్నాను. సిరంజితో పీలిస్తే ఎక్కువ కణజాలం వస్తుంది, దాంతోపాటు రక్తమూ వస్తుంది. సూది లోపలి తీగని మెల్లగా లాగుతూ తీస్తే పీల్చుడు స్వల్పంగా ఉంటుంది, రక్తం తక్కువ కలుస్తుంది, రక్తం ఎక్కువ ఉండే గడ్డలకి ఇది నయం. సూదిలో ముందే సెలైన్ నింపి పీల్చే పద్ధతి కూడా ఉంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటంటే, ఒకే చోట మళ్లీమళ్లీ గుచ్చకుండా విసనకర్రలా దిశ మారుస్తూ గడ్డలో వేర్వేరు చోట్ల నుంచి తీయడం. పెద్ద గడ్డల మధ్యలో కణాలు చచ్చిపోయి ఉంటాయి, అక్కడ ఎన్నిసార్లు గుచ్చినా పనికొచ్చేది ఏమీ రాదు, అందుకే అంచుల నుంచి కూడా తీస్తారు.

రోజ్ ఉండాలా?

ముక్క తీసిన గదిలోనే సైటాలజిస్ట్ కూర్చుని, అప్పటికప్పుడు రంగు వేసి, "సరిపోయింది, ఆపొచ్చు" అనో "ఇంకోసారి గుచ్చండి" అనో చెప్పడాన్ని రోజ్ అంటారు. ఎఫ్‌ఎన్‌ఏకి ఇది నిజంగా పెద్ద అండ. ఎఫ్‌ఎన్‌బీకి మాత్రం, 2021లో వివిధ దేశాల ఆసుపత్రులు కలిసి దాదాపు 800 మంది మీద చేసిన అధ్యయనంలో, రోజ్ ఉన్నప్పుడు 96.4 శాతం, లేనప్పుడు 97.4 శాతం సరైన జవాబు వచ్చింది. అంటే తేడా లేనట్టే. రోజ్ లేని చోట డాక్టరే ముక్కని కంటితో చూసి, తెల్లటి దారంలాంటి భాగం తగినంత పొడవు వచ్చిందో లేదో చూసుకుంటారు, దాన్ని మోజ్ అంటారు. అందుకే రోజ్ లేదని భయపడకండి, కానీ రోజ్ లేకుండా ఎఫ్‌ఎన్‌ఏ అంటే మాత్రం ఒక్క నిమిషం ఆగి ఎందుకని అడగండి.

ఈయూఎస్ కాకుండా వేరే దార్లు

సీటీ స్కాన్ చూస్తూ పొట్ట బయటి నుంచి సూది గుచ్చడం ఇంకో దారి. గతంలో బరువు తగ్గే బైపాస్ లాంటి ఆపరేషన్లు జరిగి కడుపు, పేగు దారి మారిపోయినవాళ్లకి గొట్టం గడ్డ దగ్గరికి చేరకపోవచ్చు, వాళ్లకి ఇదే పనికొస్తుంది. కానీ ఈయూఎస్‌లో కనిపించినంత స్పష్టంగా చిన్న గడ్డలు ఇందులో కనిపించవు, పైగా ఆపరేషన్ చేయబోయేవాళ్లకి సూది వెళ్లిన దారిలో కణాలు జారతాయేమో అన్న భయం ఉంటుంది.

ఆ భయం ఈయూఎస్‌కి కూడా కొంచెం ఉంది, దాన్ని దాచక్కర్లేదు. తలభాగం గడ్డకి ఆంత్రమూలం గుండా గుచ్చుతారు, తర్వాత ఆపరేషన్‌లో ఆ భాగం ఎలాగూ తీసేస్తారు, కాబట్టి సూది దారి కూడా పోతుంది. నడుమ, తోక గడ్డలకి కడుపు గోడలోంచి గుచ్చుతారు, కడుపు అక్కడే ఉండిపోతుంది, ఆ గోడలో తర్వాత క్యాన్సర్ వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. అరుదే, కానీ ఆపరేషన్‌తో పూర్తిగా తీసేయగలిగే తోక గడ్డ అయితే "ముక్క లేకుండానే వెళ్లొచ్చా" అని సర్జన్ని అడగడం న్యాయం.

కామెర్లకి స్టెంట్ వేసేటప్పుడు ఈఆర్‌సీపీలో (గొట్టం దించి పిత్తనాళంలోకి వెళ్లే పద్ధతి) బ్రష్‌తో కణాలు గీకుతారు. దాని మీద ఆశ పెట్టుకోకండి, క్యాన్సర్ ఉన్నా సగం మందిలో దొరకదు. ఇంకొకటి, కామెర్లు ఉంటే ముందు ఈయూఎస్ చేసి తర్వాత స్టెంట్ వేయించుకోవడం మేలు, రెండూ ఒకే మత్తులో చేసే చోట్లు కూడా ఉన్నాయి. స్టెంట్ పడ్డాక దాని నీడ, చుట్టూ వచ్చే వాపు వల్ల గడ్డ అంచులు సరిగా తెలియవు.

నీటితిత్తి అయితే లెక్క వేరు

పైన చెప్పిందంతా గట్టి గడ్డల గురించి. నీటితిత్తి అయితే ముక్క కంటే లోపలి ద్రవమే ఎక్కువ చెబుతుంది. ద్రవంలో సీఈఏ అనే ప్రోటీన్ మిల్లీలీటరుకి 192 నానోగ్రాములు దాటినా, గ్లూకోజ్ డెసిలీటరుకి 50 మిల్లీగ్రాముల కంటే తగ్గినా, జిగురు తయారుచేసే రకం తిత్తి కావొచ్చు, అది ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న రకం. అమైలేజ్ అనే ఎంజైమ్ లీటరుకి 250 యూనిట్ల కంటే తక్కువ ఉంటే వాపు తర్వాత ఏర్పడే ఉత్తి తిత్తి కాకపోవచ్చు. ఇక్కడ ఎఫ్‌ఎన్‌ఏనే సరి. చిన్న, అనుమానం కలిగించని తిత్తులకి సూదే అక్కర్లేదు, స్కాన్లతో గమనిస్తే చాలు.

మీరు ఏ కోవలో ఉన్నారు?

ఆపరేషన్‌కి సిద్ధంగా ఉన్న గడ్డ, స్కాన్ స్పష్టం: ముక్క అవసరమా అని ముందు సర్జన్నే అడగండి.

ముందు కీమో అన్నారు: 22 గేజ్ ఎఫ్‌ఎన్‌బీ. జన్యు పరీక్షకి సరిపడా తీయమని ముందే చెప్పండి. క్లోమం క్యాన్సర్‌లో దాదాపు 90 శాతం మందికి కేరాస్ జన్యువులో మార్పు ఉంటుంది, అది లేని కొద్దిమందిలో మందు పనిచేసే వేరే మార్పులు దొరికే అవకాశం ఎక్కువ. బీఆర్‌సీఏ అనే జన్యువులో మార్పు ఉంటే కీమో ఎంపికే మారొచ్చు.

న్యూరోఎండోక్రైన్ గడ్డ (హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి వచ్చేది) అన్న అనుమానం: ఎఫ్‌ఎన్‌బీ. కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కేఐ-67 అనే అంకె కావాలి. 3 శాతం లోపు ఒక గ్రేడ్, 3 నుంచి 20 వరకు ఇంకోటి, 20 దాటితే మరోటి, చికిత్స అంతా దాని మీదే నడుస్తుంది. నాలుగు కణాలతో ఆ శాతం లెక్కపెట్టలేరు.

ఆటోఇమ్యూన్ వాపు, లింఫోమా అనుమానం: ఎఫ్‌ఎన్‌బీయే. లింఫోమా అయితే ఫ్లో సైటోమెట్రీకి (కణాల రకాన్ని యంత్రంతో గుర్తించే పరీక్ష) కూడా కొంత కణజాలం విడిగా పంపాలి, ఆ మాట ముక్క తీసేముందు చెప్పకపోతే అంతా ఫార్మలిన్‌లో వేసేస్తారు, తర్వాత ఆ పరీక్షకి పనికిరాదు.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు: ఆస్పిరిన్ సాధారణంగా కొనసాగిస్తారు, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి కొన్ని రోజుల ముందు ఆపాల్సి వస్తుంది. గుండెకి స్టెంట్ ఉన్నవాళ్లు మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి, గుండె డాక్టర్ని అడిగాకే.

ప్రమాదాల గురించి: క్లోమం వాపు, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ రావొచ్చు, అన్నీ కలిపి వందలో ఒకరిద్దరికి. ఇంటికొచ్చాక కడుపునొప్పి పెరుగుతూ పోతే, జ్వరం వస్తే, నల్లటి మలం వస్తే రేపు చూద్దాం అనుకోకండి, వెంటనే వెళ్లండి.

రిపోర్టు చేతికొచ్చాక

"పాజిటివ్" అంటే క్యాన్సర్ కణాలు కనిపించాయి. "సస్పీషియస్" అంటే బలమైన అనుమానం ఉంది గానీ సంతకం పెట్టేంత లేదు. "ఏటిపికల్" అంటే కణాలు మామూలుగా లేవు, వాపు వల్లా కావొచ్చు, క్యాన్సర్ వల్లా కావొచ్చు. "నాన్ డయాగ్నోస్టిక్" అంటే చెప్పడానికి సరిపడా రాలేదు.

"నెగటివ్" అన్న మాట దగ్గరే అందరూ మోసపోతారు. ఇంట్లో ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటారు, స్వీట్లు పంచినవాళ్లని కూడా చూశాను. గట్టి గడ్డలో నెగటివ్ అంటే "ఈ ముక్కలో క్యాన్సర్ లేదు" అని మాత్రమే, "గడ్డలో లేదు" అని కాదు. క్లోమం క్యాన్సర్ చుట్టూ పీచులాంటి గట్టి కణజాలం ఎక్కువ, అసలు క్యాన్సర్ కణాలు అందులో అక్కడక్కడా చెదిరి ఉంటాయి, సూది పీచులోకి వెళ్లి తిరిగొస్తే నెగటివే వస్తుంది. స్కాన్ ఒకటి చెబుతూ ముక్క ఇంకోటి చెబితే, డాక్టరు "ఈ నెగటివ్‌కి కారణం కూడా కనిపించిందా?" అన్న ప్రశ్నకి జవాబు ఇవ్వాలి. ఆటోఇమ్యూన్ వాపు అని కణజాలంలోనే తేలితే నమ్మొచ్చు. ఊరికే "క్యాన్సర్ కణాలు లేవు" అంటే మళ్లీ ముక్క తీయాలి, ఈసారి ఎఫ్‌ఎన్‌బీతో, వీలైతే ఈ పని రోజూ చేసే పెద్ద సెంటర్లో.

రిపోర్టు తీసుకునేటప్పుడు మైనం బ్లాక్ ఇంకా మిగిలి ఉందా, ఎన్నాళ్లు దాస్తారు అని అడిగి రాసుకోండి. ఆసుపత్రి మారినా, ఇంకో పెథాలజిస్ట్ అభిప్రాయం కావాలన్నా, ఆరు నెలల తర్వాత జన్యు పరీక్ష రాసినా, ఆ చిన్న బ్లాకే పంపాలి. మా పెద్దమ్మ రెండో ముక్క బ్లాక్ మిగిలి ఉంది కాబట్టే జన్యు పరీక్షకి మూడోసారి గొట్టం దించకుండా గడిచిపోయింది.